కార్డు మీద పట్టని లైను

మా షాపుల అచ్చయిన ఏ కాయితం మీద సుత మా షాపు పేరుండదు. పెండ్లి కార్డు గానీ, కోచింగ్ సెంటర్ పాంప్లెట్ గానీ, కింద మూలకు చిన్నగ ఫలానా ప్రింటర్స్, అమీర్‌పేట అని అందరు వేసుకుంటరు గదా, నేను వేయ. "ఏందన్నా, ఫ్రీ పబ్లిసిటీ ఒద్దంటవేంది?" అని పోరగాళ్లు నవ్వుతరు. నవ్వనీ. ఇన్ని దినాలు ఎవరికీ కారణం చెప్పలే. ఇప్పుడు చెప్తున్న, ఎందుకంటే టీచర్ గురించి చెప్పాలంటే గది చెప్పక తప్పదు.

టీచర్ అంటే జీవమణి టీచర్. స్కూల్ల పాఠాలు చెప్పే టీచర్ గాదు, టైపు టీచర్. ఇప్పుడు అమీర్‌పేటల మైత్రీవనం చుట్టు ఎటు చూసినా సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులే గనీ, నేను పదిహేడేండ్లోన్ని ఉన్నప్పుడు గా గల్లీలల్ల టైపు మిషన్ల చప్పుడే. ఒక మేడ మీద, రేకుల కింద, పన్నెండు మిషన్లతోని టీచర్ ఇన్‌స్టిట్యూట్ ఉండె. మా నాయిన పక్క అపార్ట్‌మెంట్ల వాచ్‌మన్. నేను ఇంటర్ ఫెయిలై ఉట్టిగ తిరుగుతుంటే చెవు పట్టుకొని గుంజుకపోయి ఆమె ముంగట నిలవెట్టిండు. "అమ్మా, వీని తలకాయల ఏం లేదు, చేతులకన్న ఏదన్న పని నేర్పుండ్రి" అన్నడు. టీచర్ నా చేతులు తిప్పి చూసింది. "వేళ్లు పొడుగ్గనే ఉన్నయ్. గోర్లు కత్తిరించుకొని రేపు పొద్దుగాల ఆరింటికి రా" అన్నది.

ఆరంటే ఆరే. ఒక్క నిమిషం దాటితే తలుపు పెట్టేది. నేను దొంగచాటుగ వేళ్ల దిక్కు చూస్తున్ననని నా చేతుల మీద తన చేతిరుమాలు కప్పేది. "కండ్లు కాయితం మీద, వేళ్లు మిషన్ మీద" అని వెనకనుంచి అనుకుంట పోయేది. వాళ్ల సారు శాంతిరాజు మంచి మనిషి. మిషన్లు ఖరాబైతే ఆయననే విప్పి బాగుచేసేటోడు, ఆదివారం చర్చిల హార్మోనియం వాయించేటోడు. వాళ్లకు పిల్లలు లేరు. సారు చెల్లెలి బిడ్డ జాయ్సీని తెచ్చుకొని కన్నబిడ్డ లెక్క సాదుకున్నరు.

తర్వాత కంప్యూటర్లు వచ్చినయ్. టైపు నేర్చుకునేటోళ్లు బందయిండ్రు. పదకొండు మిషన్లు పాత సామాన్లోడు తోపుడుబండి మీద ఏసుకొని పోతుంటే టీచర్ మెట్ల మీద నిలవడి చూసింది. పన్నెండోది ఇయ్యలే. గదే ఏడు శాంతిరాజు సారు సుత పోయిండు. అప్పటికి నేను అమీర్‌పేటల చిన్న డీటీపీ షాపు పెట్టుకున్న. పంజాగుట్టల టీచర్ ఉండే ఇంటికి పోయి అడిగిన. "టీచర్, నాకు టైపు మీరే నేర్పిండ్రు. ఇప్పుడు నా తప్పులు సుత మీరే పట్టుండ్రి."

"నీ తప్పులు పట్టాలంటే నాకు ఇంకో జన్మ గావాలె రా" అన్నది. అయినా మరుసటి దినం వచ్చింది. పన్నెండేండ్లు మా షాపుల కటింగ్ మిషన్ పక్క కుర్చీల కూసొని ఎర్ర పెన్నుతోని ప్రూఫులు చూసింది.

మాకు ఒక రూలుండె. ఆమె పెట్టిందే. ప్రూఫుల అక్షరం తప్పుంటే ఆమెనే దిద్దేది. సంగతి మీద అనుమానం వస్తే దిద్దకపోయేది, పక్కకు ఎర్రగ ఒక ప్రశ్న గుర్తు పెట్టేది. గప్పుడు నేను మ్యాటర్ ఇచ్చినోళ్లను పోయి అడగాలె. వాళ్లు మార్చమంటే మార్చాలె. ఉన్నదే కరెక్ట్ అంటే గా ప్రశ్న మీద నా నీలి పెన్నుతోని ఒక గీత కొట్టాలె. గీత కొట్టిన అంటే అడిగిన అని లెక్క. ఇంక ఆమె మళ్ల అడగదు. ఒకసారి పెండ్లి కార్డుల తారీఖు ఒకటి, వారం ఒకటి ఉంటే ప్రశ్న పెట్టింది. నేను ఫోన్ చేస్తే పిల్ల తండ్రి లబలబలాడిండు. ఐదు వందల కార్డులు తప్పు పడుతుండె. "చూసినవా, ప్రశ్నకు ఉన్న ఇలువ జవాబుకు సుత ఉండదు" అన్నది టీచర్. గా రోజు ఇద్దరం ఇరానీ చాయ్ తాగినం.

రెండువేల పద్దెనిమిదిల షాపులనే ఆమెకు ఛాతి నొప్పొచ్చింది. నేనే ఆటోల ఏసుకొని సోమాజిగూడల ఒక ఆస్పత్రికి తీస్కపోయిన. స్టెంట్ ఏసిండ్రు. అప్పటిసంది రోజూ రక్తం పల్చగుండేటందుకు ఒక గోలి. గోలీలు అయిపోతే నేనే తెచ్చిచ్చేటోన్ని. నాకు తెల్వదని అనడానికి లేదు, అందుకే గిది ముందుగాలనే చెప్తున్న.

రెండువేల ఇరవైల కరోనా వచ్చింది. అరవై ఐదు దాటినోళ్లు ఇంట్లకెంచి రావొద్దన్నరు. టీచర్‌కు డెబ్బై. రూలంటే ప్రాణం గదా, గడప దాటలే. మొదటి అంతస్తు బాల్కనీకెంచి తాడుతోని ఒక బట్టసంచి కిందికి ఇడిసేది. నేను గండ్ల కూరగాయలు, గోలీలు, ప్రూఫులు పెట్టేటోన్ని. మీదికి గుంజుకొని, ప్రూఫులు శానిటైజర్ కొట్టిన చేతులతోని పట్టుకొని చూసి, మళ్ల ఇడిసేది. గల్లీల నిలవడి నేను, బాల్కనీల ఆమె, ఇద్దరం మాస్కులు పెట్టుకొని ఒర్రుకుంట ముచ్చట పెట్టేటోళ్లం.

ఏం జేయాలె, ఏం జేయొద్దు అని ఆమె ఒక నోట్‌బుక్ పెట్టింది. టీవీల వచ్చినవి, పేపర్ల వచ్చినవి, ఫోన్ల వచ్చినవి అన్నీ రాసేది. పసుపు పాలు తాగాలె అని రాసింది. షుగరున్నోళ్లు పాలు తగ్గించాలె అని దాని కిందనే రాసింది. రోజుకు మూడుసార్లు ఆవిరి పట్టాలె అని ఒక పేజీల, ఎక్కువ పడితే గొంతు కాలుతది అని ఇంకో పేజీల. బీపీ గోలీలు ఆపాలె అని ఎవరో పంపిండ్రు, ఆపితే పానం పోతది అని ఇంకెవరో పంపిండ్రు. "విజయేందరూ, గింత ఖరాబు ప్రూఫు నేను నా జిందగీల చూడలే. ఏది మ్యాటరో, ఏది తప్పో తెలుస్తలేదు" అని బాల్కనీకెంచి మొత్తుకున్నది. నేను నవ్విన. ఏం తెల్సు నాకు? నవ్విన.

ఇరవై ఒకటి జనవరిల టీకా వచ్చింది. దాంతోని ఇంకింత పరేషాన్. ఒక ఛానల్ల ఒక డాక్టర్ రక్తం పల్చబడే మందులు వాడేటోళ్లు వేయించుకోవద్దంటడు. ఇంకో ఛానల్ల ఇంకో డాక్టర్ ఏం గాదంటడు. గప్పుడే మా కాలనీ సంఘం అధ్యక్షుడు అచ్యుతరావు సార్ షాపుకొచ్చిండు. రిటైరైన మనిషి, మంచోడు. "ఏంటి విజయేందర్ గారూ, మనవాళ్ళలో పెద్దవాళ్ళు చాలా తికమక పడుతున్నారండీ. షుగరూ, గుండె జబ్బులూ ఉన్నవాళ్ళకి జాగ్రత్తలు ఒక చిన్న కార్డు మీద వేసి పంచుదాం" అని చేతిరాతతోని ఒక కాయితం ఇచ్చిండు. పేపర్లల్ల చూసి ఏరి రాసుకున్నడు. నేను ఛాతి ఇరిసి అన్న, "సార్, సంఘం పైసలేం ఒద్దు. నా తరఫున నేను వేస్త. లామినేషన్ సుత చేస్త, శానిటైజర్ తగిలినా ఖరాబు గాదు." పుణ్యానికి పోతే పాపం ఎదురయ్యిందంటరు, గిట్లనే.

అరచెయ్యంత కార్డు. ఐదు లైన్లు. నాలుగో లైను గిది: రక్తం పల్చబడే మందులు వాడేవారు టీకా వేయించుకోరాదు. ప్రూఫు తీసి టీచర్ సంచిల పెట్టిన. మీదికి పోయింది, పావుగంటకు కిందికొచ్చింది. నాలుగో లైను పక్కకు ఎర్రగ ప్రశ్న గుర్తు. దాని పక్కన టీచర్ గుండ్రటి అక్షరాలు: "అందరికీనా? మీ డాక్టరును అడగండి అని ఒక లైను కలిపితే?"

షాపుకొచ్చి కలిపి చూసిన. ఆరు లైన్లయితే కింద షాపు పేరు, ఫోన్ నంబర్ పడ్తలేదు. అక్షరాలు చిన్నగ చేద్దామంటే ముసలోళ్ల కండ్లకు ఆనవు. షాపు పేరు తీసేద్దామంటే మనసొప్పలే. ఏడాదిసంది కోచింగ్ సెంటర్లు బంద్, షాపు మొకం చూసినోడు లేడు. మూడు వందల ఇండ్లల్ల గోడ మీద మన పేరుంటది గదా అనుకున్న. అచ్యుతరావు సార్‌కు ఒక్క ఫోన్ కొడితే అయిపోతుండె. లేదంటే ఎదురుంగ మెడికల్ షాపాయన్ను అడిగినా అయిపోతుండె. పేపర్ల వచ్చిందే గదా, మళ్ల అడిగేదేముందని అనుకున్న. నీలి పెన్ను తీసి టీచర్ ప్రశ్న మీద గీత కొట్టిన. పన్నెండేండ్లల్ల అడగకుండ కొట్టిన గీత గదొక్కటే.

గీత కొట్టిన ప్రూఫు, కొత్త ప్రూఫు రెండు సంచిల పెట్టి పంపిన. టీచర్ గీతను చూసింది. ఓకే అని సంతకం పెట్టి పంపింది. మూడు వందల కార్డులు లామినేషన్ చేసి పంచినం. మెడికల్ షాపుల, చర్చి తలుపు కాడ, లిఫ్టులల్ల, అంతట మా కార్డే. టీచర్ సుత ఒకటి ఫ్రిజ్ మీద అంటిచ్చుకున్నది. నోట్‌బుక్ మూసేసింది. "ఇంక గీ లొల్లి నాకొద్దు, నువ్వు వేసిన కార్డుంది గదా" అన్నది. నాకు మస్తు సంబరమైంది, సిగ్గులేనోన్ని.

మార్చిల అరవై దాటినోళ్లందరికీ టీకా మొదలైంది. గా వారంలనే అచ్యుతరావు సార్ ఫోన్ చేసిండు. "ఏంటండీ, మన కార్డులో నాలుగో లైను సరిగ్గా లేదంటున్నారు. మా డాక్టరుగారు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు కూడా డాక్టర్ని అడిగి వేయించుకోవచ్చన్నారు. మళ్ళీ వేద్దామా?" నాకు చర్రుమంది. మూడు వందల కార్డులు గోడల మీదికెంచి పీకాలంటే ఇజ్జత్ ఏం గావాలె? కింద నా పేరుంది. జనం ఏమంటరు, విజయేందర్ తప్పుడు కార్డులు పంచిండంటరు. "చూద్దాం సార్, రేపు మళ్ల ఇంకోటి అంటరు, గవన్నీ నమ్ముకుంట పోతే కాదు" అన్న. ఆయన పెద్దమనిషి, సరేనని ఫోన్ పెట్టేసిండు.

రెండు దినాలకు, మంగళవారం పొద్దుగాల, టీచర్ ఫోన్ చేసింది. షాపుల చాన్నాళ్లకు గిరాకీ, జిరాక్స్‌కు నలుగురు లైన్ల ఉన్నరు.

"విజయేందరూ, ఒక్క మాట. జాయ్సీ కరీంనగర్‌కెంచి రోజూ ఫోన్ చేసి టీకా ఏసుకో ఏసుకో అని పానం తీస్తున్నది. మన కార్డుల ఒద్దని ఉంది. గండ్ల నేను ప్రశ్న పెట్టిన గదా, నువ్వు గీత కొట్టినవ్. డాక్టర్‌ను అడిగే కొట్టినవ్ గదా?"

గప్పుడన్న చెప్పొచ్చు. లేదు టీచర్, తప్పయింది, జర మీ డాక్టర్‌ను అడుగుండ్రి అంటే నా తల తెగి కింద పడుతుండెనా? నాకు ఆమె ఎర్ర పెన్ను యాదికొచ్చింది. పదిహేడేండ్లప్పుడు తప్పు కొట్టి ఆమె ముంగట నిలవడితే ఎట్లుండెనో గట్లనే అయింది. ఫోన్ల ఆమె ఇంటి కిందికెంచి ఆటో హారన్ వినవడ్డది. ఇటు గిరాకోడు జల్దీ అన్నా, జల్దీ అంటున్నడు.

"ఆ టీచర్, అడిగిన" అన్న.

"పెద్ద డాక్టర్‌నేనా?"

"పెద్ద డాక్టరే. మీరేం ఫికర్ చేయకుండ్రి."

"సరే నాయనా, మంచిదైంది" అన్నది, ఫోన్ పెట్టేసింది.

ఏప్రిల్ ఆఖరుకు గల్లీల ఇంటికొకరు పడ్డరు. టీచర్ గడప దాటలే గనీ, కింద పోర్షనోళ్లకు వచ్చింది, మెట్లు ఒక్కటే. జ్వరమొచ్చిన మూడో రోజు సంచి కిందికి రాలే. నేను కింద నిలవడి టీచర్, టీచర్ అని మొత్తుకుంటే బాల్కనీ గ్రిల్ పట్టుకొని వచ్చింది. ఊపిరి ఆడ్తలేదు. మాట వచ్చినా ఒక్కొక్క ముక్క. "ప్రూఫు... రేపు... చూస్త" అన్నది. నా ప్రూఫుల మన్నువడ.

నేను, మా ఇంటామె నవీన, ఇద్దరం టీచర్‌ను ఆటోల ఏసుకొని తిరిగినం. మూడు ఆస్పత్రుల గేటు కాడనే బెడ్ లేదన్నరు. నాలుగో దాంట్ల దొరికింది. ఆరో దినం పొద్దుగాల ఫోనొచ్చింది. జాయ్సీ కరీంనగర్ బ్యాంకుల పని చేస్తది, ఆమెకు సుత గప్పుడే పాజిటివ్, రాలేకపోయింది. సమాధి కాడ కిట్లు ఏసుకున్న నలుగురు, దూరంగ పాస్టరు, ఇంకా దూరంగ నేను. ఎన్ని పెండ్లి కార్డులు, ఎన్ని పుస్తకాలు దిద్దిన చెయ్యి అది! ఒక్క పువ్వు సుత దగ్గర పోయి పెట్టలేకపోయిన.

నవీనకు ఒక్కదానికే జరిగింది చెప్పిన. "టీకా ఏసుకున్నోళ్లు సుత పోయిండ్రు గదయ్యా, నీవల్ల గాదు" అన్నది. నాకు కోపమొచ్చి కంచం అవతలికి నూకిన. టీకా ఏసుకుంటే బతుకుతుండెనో లేదో నాకెట్ల ఎర్క, దేవునికే ఎర్క. గా సంగతి నేను అంటలేను. ఆమె ఒక మాట అడిగింది, నేను అబద్ధం చెప్పిన. దాన్ని ఎట్ల తిప్పి చెప్పినా గదే.

తెల్లారి బయలెల్లి కార్డులన్నీ పీకిన. మెడికల్ షాపు, చర్చి, లిఫ్టులు, ఇండ్ల గోడలు. చేతులు కాలినంక ఆకులు పట్టుకునుడు అంటే ఏందో గా నాలుగు దినాలు తెలిసింది. "ఏమైందన్నా?" అంటే "నాలుగో లైను తప్పు, మీ డాక్టర్‌ను అడుగుండ్రి" అని ఒక్కొక్క తలుపు కాడ చెప్పిన. ఒకామె, గుండె ఆపరేషన్ అయినామె, "అయ్యో, గీ ముచ్చట రెండు నెలల కింద చెప్తే ఏం పోయె?" అన్నది. తలకాయ వంచుకొని కార్డు పీకి సంచిల ఏసుకున్న. అచ్యుతరావు సార్ ఇంటికి సుత పోయి జరిగింది జరిగినట్టు చెప్పిన. ఆయన "నేను రాసిందే కదండీ, నేనూ అడగలేదు" అన్నడు.

జులైల జాయ్సీ ఇల్లు ఖాళీ చేయనీకి వచ్చింది. నన్ను పిలిచింది. ఇల్లంత సామాను మూటలు. కిటికీ కాడ పన్నెండో టైపు మిషన్, దాని మీద అదే చేతిరుమాలు. ఫ్రిజ్ మీద మా కార్డు ఇంకా ఉంది. అన్ని ఇండ్లకు పోయిన గనీ గా ఇంటికి పోనీకి నాకు కాళ్లు రాలే.

"అత్త ఇది నీకియ్యమని ఎప్పుడో అన్నది" అని మిషన్ చూపిచ్చింది జాయ్సీ. తర్వాత ఒక ఫైలు తెరిచింది. టీచర్ ప్రతి ప్రూఫు దాచిపెట్టేది. మీద గదే ఉంది. ఎర్ర ప్రశ్న, దాని మీద నీలి గీత.

"అన్నా, ఒక్కటి అడుగుత, ఏమనుకోవద్దు. నేను టీకా ఏసుకొమ్మని ఎన్నిసార్లు చెప్పినా అత్త, విజయేందర్ పెద్ద డాక్టర్‌ను అడిగిండు అన్నది. గా డాక్టర్ ఎవరు? పేరు చెప్తే ఒక్కసారి మాట్లాడుకుంట. నా మనసు కుదురుతలేదు."

ఏదన్న ఒక పేరు చెప్పొచ్చు. ఒక్క నిమిషం గా దిక్కు సుత ఆలోచన పోయింది, దాస్తే పాపం. కిటికీ కాడ గా చేతిరుమాలు కనవడ్డది.

"ఎవర్నీ అడగలే జాయ్సీ" అన్న. "గా లైను కలిపితే కార్డు మీద నా షాపు పేరు పట్టలే. అందుకని తీసేసిన. టీచర్ ఫోన్ల అడిగితే అడిగిన అని అబద్ధం చెప్పిన."

తిడుతదనుకున్న. తిడితే బాగుండు అనుకున్న. మంచం పట్టె మీద కూసొని కార్డు దిక్కే చూసింది. దాని మీదికెంచి కండ్లు తీయకుండనే చెప్పింది.

"గా మంగళవారం అత్త పొద్దుగాలనే తయారై కూసున్నదన్నా. ఏడాదిల మొదటిసారి మంచి చీర కట్టుకున్న అన్నది. సోమాజిగూడకు పోయి తన డాక్టర్‌నే అడిగి, చెప్తే ఆడనే టీకా ఏసుకొని వస్త అన్నది. ఆటో వచ్చి కింద నిలవడ్డది. పోయేముందు ఒక్కమాట విజయేందర్‌ను అడుగుత అని నీకు ఫోన్ చేసింది. సాయంత్రం నాకు ఫోన్ చేసి చెప్పింది, విజయేందర్ అడిగిండంట బిడ్డా, ఇంక ఉత్తగ పోవుడెందుకని ఆటోను వాపస్ పంపిన అని."